పక్కన ఎవరున్నారని అడిగిన మాస్టారు

సత్యానందం మాస్టారు కన్నుమూశారన్న వార్త నాకు అరకు సంతలో తెలిసింది. బడి వంటకు చిక్కుడుకాయలు బేరమాడుతున్నాను. నాతో చదువుకున్నవాడొకడు, ఇప్పుడు జీపు నడుపుతున్నాడు, జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మాస్టారు ఎలిపోనారట, ఇన్నావా?" అన్నాడు. ఏ మాస్టారని నేను అడగలేదు. మా వయసువాళ్లకు ఈ లోయలో మాస్టారంటే ఒక్కరే. కాయలు తక్కెడలోనే వదిలేసి, రైలుస్టేషనుకు అవతలున్న ఆయన ఇంటికి పరిగెత్తాను.

వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కా తొడిగారు. అదే చొక్కా వేసుకుని మొన్న మొన్ననే మా బడికి వచ్చి, ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠం చెప్పి, నాతో టీ తాగి వెళ్లిన మనిషి. ఆ ప్రశాంత వదనం చూడగానే నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. గుండెలో నొప్పి వస్తోందని చాలాకాలంగా ఆయనకు తెలుసట. ఆ మాట మేం అమ్మగారని పిలిచే ఆయన భార్యకు చెప్పలేదు, నాకు చెప్పలేదు. "ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?" అని నేను అడిగితే, "ఎప్పుడమ్మా? మెట్లెక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అని నవ్వేవారు. ఇలాంటి మనిషిని విశాఖపట్నం ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లగలరు, ఏమని చెప్పి తీసుకెళ్లగలరు? సంస్మరణ వ్యాసంలో కోపం ఉండకూడదంటారు పెద్దలు. ఉండనీయండి. ఆయన మీద గౌరవం ఎంతుందో నాకు కోపమూ అంతే ఉంది.

నా పేరు బుద్రి. ఈ లోయలోని ఆశ్రమ పాఠశాలలో తొంభైల నాటి విద్యార్థినిని. ఇప్పుడు అదే పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయినిని. మాస్టారిది సముద్రం ఒడ్డున మిషను చర్చిని నమ్ముకున్న కుటుంబం. యౌవనంలో ఉద్యోగం వచ్చి కొండెక్కారు. తోటివాళ్లంతా ఏడాది తిరగకుండా బదిలీ చేయించుకుని దిగిపోతుంటే, ఆయన మాత్రం మా చలిలో, మా దోమల్లో పాతుకుపోయారు. విద్యాదానమే జీవిత పరమార్థమని నమ్మిన మహనీయుడని సంతాపసభలో ఎవరో అన్నారు. ఆ మాట నిజమే గాని, ఆ మహనీయుడితో వేగడం ఎంత కష్టమో చెప్పినవాళ్లు లేరు.

సూటిగా జవాబు చెప్పడం ఆయన జాతకంలో లేదు. అమ్మగారు శవం పక్కన కూర్చుని కూడా ఆ మాటే అన్నారు. "ఇన్నేళ్లు కాపురం చేశాను. ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందని ఒక్కనాడు అనలేదమ్మా. దేనిలో అంటారు. పులుసులోనా, కూరలోనా అంటారు. ఆఖరికి మొన్న రాత్రి నొప్పి ఎక్కడండీ అంటే కూడా ఏదో అడగబోయారు." నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆయన మొదటినుంచీ ఇలా లేరు. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు అందరు మాస్టర్లలాగే మాటకు అర్థం బోర్డు మీద రాసి, మా చేత వల్లె వేయించేవారు. ఇంగ్లీషులో ఒకే అక్షరాలతో రాసినా వేరువేరు అర్థాలిచ్చే మాటలు చాలా ఉన్నాయి. 'లీవ్స్' అంటే ఆకులు, వెళ్లిపోతాడు అనడానికీ అవే అక్షరాలు. 'వెల్' అంటే బావి, బాగా అనడానికీ అదే. 'టియర్' అంటే కన్నీటిబొట్టు, అవే అక్షరాలను 'టేర్' అని చదివితే చింపడం. మాస్టారు వీటికి అంకెలు వేసేవారు. వెల్ ఒకటి, బావి. వెల్ రెండు, బాగా. మేం కళ్లు మూసుకుని అరిచేవాళ్లం. వాక్యంలో కనిపించినది ఒకటో రెండో మాలో ఎవరికీ తెలిసేది కాదు.

హాజరు పట్టీలోనూ అదే లెక్క. మా కొండల్లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. బుధవారం పుట్టిన ఆడపిల్ల బుద్రి. మా తరగతిలో ఇద్దరు బుద్రిలం. ఊటగరువు నుంచి వచ్చిన పిల్ల బుద్రి ఒకటి. పనసవలస నుంచి వచ్చిన నేను బుద్రి రెండు. మేమిద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్లం, ఒకే దువ్వెనతో తల దువ్వుకునేవాళ్లం. తను నాకంటే గట్టిగా నవ్వేది. ఎవరైనా "బుద్రీ" అని పిలిస్తే ఇద్దరం కలిసి పలికి, పిలిచినవాళ్లను ఏడిపించేవాళ్లం.

దసరా సెలవులకు ఎవరి ఊరికి వాళ్లం వెళ్లాం. తిరిగొచ్చిన రోజు మాస్టారు హాజరు తీస్తూ, "బుద్రి ఒకటి" అన్నారు. పలుకు లేదు. మళ్లీ అన్నారు. ఊటగరువు కుర్రాడొకడు లేచి, "ఆ బుద్రి నేదు సార్. జొరంతోటి పోయింది" అన్నాడు. ఆ వానాకాలం కొండల మీద మలేరియా చాలామంది పిల్లల్ని తీసుకుపోయింది. నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. మాస్టారు కలం కింద పెట్టారు. తరవాతి పేరు నాది. బుద్రి రెండు అని పిలవడానికి ఆయనకు నోరు రాలేదు. నా వైపు చూశారు, పట్టీ మూసేశారు. ఒకటి లేకుండా మిగిలిన రెండును నేను. పదకొండేళ్ల పిల్లకు కూడా అది అర్థమైంది.

ఆ ఆదివారం ఆయన చర్చికి పోలేదు. దారి చూపించమని నన్ను తీసుకుని ఊటగరువు ఎక్కారు. గెడ్డ అనే కొండవాగు దాటి, కాఫీ తోట దాటి, ఏటవాలు దారిలో ఆగి ఆగి ఆయాసపడుతూ వచ్చారు. బుద్రి తండ్రి సుక్రన్న మమ్మల్ని ఊరి వెనక మెరకకు తీసుకెళ్లాడు. మా ఆచారం ప్రకారం చనిపోయినవాళ్ల పేర ఒక రాయి నిలబెడతారు. గెడ్డలోంచి తెచ్చిన మామూలు రాళ్లు, వాటి మీద రాత ఉండదు, బొమ్మ ఉండదు. తాతలనాటివి, నిన్నటివి, అన్నీ వరసగా ఒకేలా నిలబడి ఉంటాయి.

మాస్టారు చాలాసేపు చూసి, "మీ అమ్మాయిది ఏది సుక్రన్నా?" అన్నారు.

"ఇదే బాబూ. ఆల నాన్నమ్మ పక్కన."

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదా. రాత కూడా లేదు. ఎలా గుర్తుపడతారు?"

సుక్రన్న ఆ ప్రశ్నకు కాస్త వింతగా చూశాడు. "రాతెందుకు బాబూ? పక్కనెవులున్నారో సూస్తే తెలిసిపోదేటి? ఒక్క రాయిని పెరికి తెచ్చి నా సేతిలో ఎడితే, అదెవులదో నానూ సెప్పలేను."

మర్నాడు హాజరు పట్టీలో నా పేరు దగ్గర ఆగి, "పనసవలస బుద్రి" అన్నారు. నేను పలికాను. ఆ తరవాత మా తరగతిలో మనిషికి గాని మాటకు గాని ఆయన అంకె వేయలేదు.

అక్కడినుంచి మా కష్టాలు మొదలయ్యాయి. మాటకు అర్థమేమిటని అడిగితే, "పక్కన ఎవరున్నారు?" అనేవారు. వాక్యం చదివి వినిపిస్తేగాని నోరు విప్పేవారు కాదు. వినిపించినా చెప్పేవారు కాదు, మా చేతే చెప్పించేవారు. ఒక పిల్లవాడి మెడలో 'బ్యాంక్' అని రాసిన అట్ట వేలాడదీసి బోర్డు ముందు నిలబెట్టేవారు. 'రివర్' అట్ట వేసుకున్న పిల్ల వెళ్లి పక్కన నిలబడితే వాడు ఏటిగట్టు. ఆ పిల్ల పోయి 'మనీ' అట్ట వచ్చి నిలబడితే వాడే పైకం దాచే చోటు. మిగతా తరగతి గోల గోలగా అర్థం చెప్పాలి. పక్క గదిలో లెక్కల మాస్టారు విసుక్కుంటూ వచ్చి, "ఇది ఇంగ్లీషు పీరియడా, డ్రిల్లు పీరియడా?" అనేవారు. "నిలబడితే గాని మాట మాట కాదు సార్" అనేవారు మా మాస్టారు. లెక్కల మాస్టారికి ఆ మాట అర్థమయ్యేది కాదు. నిజం చెప్పాలంటే మాకూ అయ్యేది కాదు. పక్క తరగతిలో పిల్లలు గైడు చూసి అరగంటలో అప్పజెప్పేసి ఆడుకోవడానికి పోతుంటే, మేం అట్టలు మెడలో వేసుకుని ఒకరి పక్కన ఒకరం జరుగుతూ ఉండేవాళ్లం. ఏడుపొచ్చేది.

"ఒంటరి మాటకు అర్థం ఉండదమ్మా, అనుమానమే ఉంటుంది" అని ఆయన తరచూ అనేవారు. ఇంకోమాట కూడా అనేవారు. "పక్కవాళ్లను చూడకుండా మాట మీద తీర్పు చెప్పకు, మనిషి మీద అసలే చెప్పకు." అప్పట్లో ఈ సూక్తులు నాకు చిరాకు తెప్పించేవి.

ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది నేనే అంటారు కొందరు. జరిగింది చెబుతాను. నేను పదో తరగతిలో ఉండగా పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చారు. నన్ను లేపి, 'వెల్' అంటే ఏమిటని అడిగారు. నేను చేతులు కట్టుకుని, అత్యంత వినయంగా, "పక్కన ఎవరున్నారు సార్?" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నేనున్నాను. కనపడటం లేదా?" అన్నారు.

మాస్టారు ముందుకొచ్చి, "సార్, వాక్యం ఇవ్వండి. అర్థం చెబుతుంది" అన్నారు. అధికారి వాక్యం ఇవ్వలేదు. ఇంకో పిల్లను లేపారు, ఆ పిల్లా అదే అంది. మూడో పిల్ల కూడా అదే అనేసరికి, మాస్టారే మా చేత ఎగతాళి చేయిస్తున్నారని ఆయన తీర్మానించేసుకున్నారు. వేసవిలో పాచిపెంటకు బదిలీ కాగితం వచ్చింది. అక్కడ రెండేళ్లకు కురుపాం. మళ్లీ ఇంకెక్కడికో. నేను చేసిన తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే అంటాను. మాస్టారు నేర్పిన జవాబు మాస్టారు నేర్పినట్టే చెప్పాను. వాక్యం ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క వాక్యం ఆ పెద్దమనిషి నోట రాకపోవడం వల్ల మా కింది తరగతుల పిల్లలకు మాస్టారు లేకుండా పోయారు. ఆ ఉక్రోషం నాకు నేటికీ తీరలేదు. మాస్టారికి మాత్రం లేదు. పెట్టె సర్దుకుంటూ, "పోనీలేమ్మా. ఆయన పక్కన ఎవరున్నారో మనకేం తెలుసు? పైవాళ్లెవరో ఆయన్ని తిట్టి పంపి ఉంటారు" అన్నారు. ఇంత మంచితనం చూస్తే ఒళ్లు మండదా?

ఉద్యోగ విరమణ చేశాక ఆయన సముద్రం ఒడ్డుకు పోకుండా మళ్లీ అరకే వచ్చారు. నేను అప్పటికి ఇక్కడే టీచరుగా చేరాను. ఏ ఉత్తర్వూ లేకుండా, ఎవరూ పిలవకుండా, వారానికోసారి ఆయనే నడిచొచ్చి నా తరగతిలో పాఠం చెప్పేవారు. నాకు పైనుంచి ఒత్తిడి. గైడులు పంచండి, ఉత్తీర్ణత శాతం పెంచండి అంటూ సమావేశాలు. ఒకసారి విసిగిపోయి, "మాస్టారూ, ఈ పిల్లలకు బట్టీ పట్టిస్తే గట్టెక్కుతారు. పరీక్షకు మీరొచ్చి పక్కన నిలబడతారా?" అని గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. "గట్టెక్కాక వీళ్లు ఎక్కడికి పోతారమ్మా?" అన్నారు. మళ్లీ ప్రశ్నే. నేను లేచి సుద్దముక్కలు తేవడానికి వెళ్లిపోయాను. ఆ సాయంత్రమే పొట్టి పిల్లలిద్దరు అడ్డాకుల మోపు మోసుకొస్తూ, 'లీవ్స్' అనే మాటకు రెండు వాక్యాలు వాళ్లంతట వాళ్లే చెప్పుకుంటూ పోవడం విన్నాను. వాళ్లకు అది ఆటగా ఉంది. ఆయనకు ఆ సంగతి చెప్పాను. ఆయన టీ అడిగారు.

ఆయన్ని చర్చి ఆవరణలో ఖననం చేశారు. తరవాత వారానికి మా బడిలోనే సంతాపసభ పెట్టారు. వక్తలందరూ తీరని లోటు అన్నారు. ఎవరికి లోటో, దేనికి లోటో ఒక్కరూ చెప్పలేదు. చివర్లో ఒక అధికారి లేచి శుభవార్త ప్రకటించారు. మాస్టారి స్మృత్యర్థం ఏజెన్సీలో ప్రతి ఆశ్రమ పాఠశాల గోడ మీద ఇంగ్లీషు మాటలూ, వాటి అర్థాలూ రాయిస్తారట. ఒక మాటకు ఒక అర్థం. మాదిరికి మా గోడ అప్పటికే సిద్ధం చేశారు. పైన ఆయన పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో, కింద నీలం రంగుతో మాటలు. వెల్, బావి. లెఫ్ట్, ఎడమ. చప్పట్లు కొట్టారు.

నేను లేచి, "అయ్యా, ఆయన జీవితమంతా ఇది వద్దనే చెప్పారు. రాయిస్తే వాక్యాలు రాయించండి" అన్నాను.

అధికారి చిరునవ్వుతో, "వాక్యాలకు గోడ ఎక్కడ సరిపోతుందమ్మా?" అన్నారు. మళ్లీ చప్పట్లు. నేను కూర్చున్నాను. మాస్టారు బతికుండగా ఎన్నిసార్లు బదిలీ చేసినా చెరపలేకపోయిన దాన్ని, ఆయన పేరే పైన రాసి వారం రోజుల్లో చెరిపేశారు. అరవాలనిపించింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు. అందరూ మంచి ఉద్దేశంతోనే ఉన్నారు.

సభ అయ్యాక బయట వేపచెట్టు కింద సుక్రన్న నిలబడి ఉన్నాడు. ముసలివాడైపోయాడు, కర్ర పట్టుకున్నాడు. "బుద్రీ, మేష్టరికి రాయి ఎడదామమ్మా. మావూళ్లో" అన్నాడు. క్రైస్తవుల ఇంటి మనిషి కదా అని నేను అమ్మగారిని అడిగాను. ఆవిడ కొంచెం ఆలోచించి, "సమాధి మాది. రాయి మీది. పెట్టుకోండి" అన్నారు.

ఊటగరువులో పెద్దలు కూర్చున్నారు. ఊరిపెద్ద మొహమాటపడుతూ అసలు చిక్కు చెప్పాడు. "మేష్టరంటే మాకూ పేణమే. కానీ ఆయన పక్కనెవులమ్మా? మావోళ్లలో ఆయనకి సుట్టం నేడు. పక్కన తనోళ్లు నేకుండా ఎడితే అది ఉత్త రాయే గదా. రేపు పిల్లలకి ఏటని సెప్తాం?"

జీవితాంతం మమ్మల్ని ఆయన వేధించిన ప్రశ్న అది. ఇప్పుడు ఆయన గురించే అడుగుతున్నారు, జవాబు చెప్పడానికి ఆయన లేరు. నేను చెప్పాల్సింది ఎంతో ఉంది. ఎంతమందికి చదువు చెప్పారో, ఎన్ని కొండలెక్కారో చెప్పవచ్చు. అవన్నీ సంతాపసభలో చెప్పేశారు. వాటిలో ఏదీ ఈ ప్రశ్నకు జవాబు కాదు. గోడ మీద ఒంటరిగా ఉన్నట్టే ఇక్కడా ఒంటరిగా మిగిలిపోతారా అని నాకు భయమేసింది.

సుక్రన్న కర్ర ఊతతో లేచాడు. "మా గుంట బుద్రి పక్కన కాళీ ఉంది గదా. అక్కడెట్టండి" అన్నాడు.

"అది నీ సోటు గదరా సుక్రా" అన్నాడు ఊరిపెద్ద.

"నానెక్కడో దగ్గిర ఒదుగుతాను. మా గుంట పోనాక దాన్ని సూడ్డానికి కొండెక్కినోడు ఆయనొక్కడే. సుట్టం కాడేటి?"

కూతురి పక్కన తనకోసం ఇన్నేళ్లుగా దాచుకున్న జాగా అది. ఊరిపెద్ద తల ఊపాడు. కుర్రాళ్లు గెడ్డలోంచి నున్నటి రాయి ఒకటి కావడి కర్రకు కట్టి మోసుకొచ్చారు. గొయ్యి తీసి నిలబెట్టి, చుట్టూ మట్టి తొక్కారు. సుక్రన్న దాని మొదట్లో రాగిపిండితో కాచిన చోడి అంబలి పోశాడు. నేను కూర్చుని ఏడ్చాను. మాస్టారు పోయినప్పటినుంచి నాకు కన్నీళ్లొచ్చింది ఆ రోజే.

మాస్టారూ, మీ మీద కోపం తగ్గలేదు. నొప్పి సంగతి సూటిగా ఒక్కసారి చెప్పి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేవారు. మా ప్రశ్నలకు జవాబుగా ప్రశ్నలు వేసేవాళ్లు ఇక ఎవరూ రారు. ఆ ఖాళీని నేను పూడ్చలేను, పూడ్చగలనని బొంకను. మీరు నేర్పినట్టే పాఠం చెబుతాను, తిట్లు తింటాను. మీ పాదాలకు నా నమస్కారం.

మా బడి గోడ మీద మాస్టారి పేరు దూరానికి కూడా కనబడుతుంది. అరకు చూడవచ్చినవాళ్లు దాని ముందు ఆగి, ఈ సత్యానందం ఎవరని నన్ను అడుగుతున్నారు. గోడ చూస్తే తెలియదు. కొండెక్కండి. బుద్రి పక్కన చూడండి.